వలస కూలీలకు హక్కుల పాఠం – చేతిలోని సెల్‌ఫోను ద్వారా

పాలు పోసి ఇంటికి చేరేలోపుగానే ఆ పూట ఎన్ని లీటర్లు, వెన్న శాతం ఎంత, ఎస్.ఎన్.ఎఫ్. ఎంత అన్న లెక్క ఈనాడు అనేక సంఘాలలో సభ్యుల సెల్‌ఫోనుకు సందేశంగా వస్తున్నది. పూర్వం కార్యదర్శి వ్రాసి ఇచ్చిన చీటీయే ప్రమాణం. చదువురాని వారు ఆ చీటీని కొంగున ముడివేసుకొని పోవడమే గాని, అందులో ఏమున్నదో అడిగినది తక్కువ. తన లెక్క తన చేతిలో ఉన్నప్పుడు మనిషి అడుగుతాడు. పాల లెక్కకు పనికివచ్చిన ఈ సాధనం కూలి లెక్కకు, అంతకంటే పెద్దవైన మనిషి హక్కులకు ఏ మేరకు పనికివస్తుందో ఈ వ్యాసంలో తెలుసుకుందాం.

రంగసముద్రం చెరువు, రంగనాయకస్వామి ఆలయం గల శ్రీరంగాపూర్ 2016 అక్టోబరు 11న వనపర్తి జిల్లా ఏర్పడేవరకు ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలోనిది. ఈ జిల్లా పేరు చెప్పగానే దేశంలోని ఆనకట్టల పనివారికి, రోడ్ల కాంట్రాక్టర్లకు గుర్తుకువచ్చే మాట ‘పాలమూరు లేబర్’. నాగార్జునసాగర్ మొదలుకొని ఎన్నో కట్టడాలలో ఇక్కడివారి చెమట ఉన్నది. కాంట్రాక్టరు గుంపు మేస్త్రీకి పైకం ఇస్తాడు. మేస్త్రీ ఊరికి వచ్చి కుటుంబానికి ఇంత అని ముందుగా చేతిలో పెడతాడు. ఆ పైకం తీరేవరకు చెప్పినచోట, చెప్పినన్ని గంటలు పనిచేయాలి. లెక్క మేస్త్రీ పుస్తకంలో ఉంటుంది. ఆ పుస్తకం కూలివాని కంటపడదు. ఇంటి దగ్గర ముసలివారు, పిల్లలు, ఒక పాడి గేదె మిగులుతాయి. మన సంఘాలలో రెండు పూటలా పాలు పోసే మహిళలలో ఇటువంటి ఇండ్లవారు కొద్దిమంది కారు. అందుకే ఈ విషయం పాడి పత్రికలో ఎందుకని ఎవరూ అనుకోనక్కరలేదు.

ముందుగా చట్టం ఏమి చెబుతున్నదో చూద్దాం. రాజ్యాంగంలోని 23వ అధికరణం వెట్టిచాకిరిని నిషేధించింది. 1976లో వెట్టిచాకిరి నిర్మూలన చట్టం వచ్చింది. దీని ప్రకారం అప్పు గాని, ముందు పైకం గాని ఇచ్చి, దానికి బదులుగా మనిషిని కదలనీయకుండా, మరొకచోట పనికి పోనీయకుండా, లేక కనీస వేతనం కంటే తక్కువకు పనిచేయించుకుంటే అది వెట్టియే. అట్టి అప్పు రద్దయినట్లే లెక్క, కట్టనవసరం లేదు. ఇది వెట్టి అప్పు అని కూలివాడు చెబితే, కాదని నిరూపించవలసిన భారం అప్పు ఇచ్చినవానిదే. వెట్టి చేయించినవానికి మూడు సంవత్సరాల వరకు జైలుశిక్ష, రెండువేల రూపాయల వరకు జరిమానా ఉన్నవి. ఫిర్యాదు వినవలసినది జిల్లా కలెక్టరు, రెవెన్యూ డివిజను అధికారి. విడుదలైనవారికి తక్షణ సహాయంగా 30 వేల రూపాయల వరకు ఇవ్వడానికి కేంద్ర పథకం ఉన్నది.

ఢిల్లీలో 1982 ఆసియా క్రీడల కట్టడాల పనులలో కూలీలకు కనీస వేతనం దక్కడం లేదని పి.యు.డి.ఆర్. అనే హక్కుల సంఘం సుప్రీంకోర్టు న్యాయమూర్తి భగవతిగారికి ఒక ఉత్తరం వ్రాసింది. ఆ ఉత్తరాన్నే పిటిషనుగా స్వీకరించి, కనీస వేతనం కంటే తక్కువకు పనిచేయించుకోవడం కూడా బలవంతపు చాకిరియేనని కోర్టు తీర్పు చెప్పింది. ఒక ఉత్తరం అంత పని చేసింది. అయితే ఉత్తరం వ్రాయడానికి చదువు కావాలి, ఎవరికి వ్రాయాలో తెలియాలి.

రాష్ట్రం దాటి పోయే కూలీల కోసం 1979లో ఒక ప్రత్యేక చట్టం చేశారు. అది ఇప్పుడు విడిగా లేదు. 2025 నవంబరు 21 నుండి అమలులోకి వచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్‌లో కలిసిపోయింది. పదిమంది లేక అంతకు మించి పరరాష్ట్ర కూలీలు ఉన్న పనిచోట్లకు ఇది వర్తిస్తుంది. సొంత ఊరికి పోయివచ్చే ప్రయాణపు ఖర్చు యజమాని ఇవ్వాలని ఇందులో ఉన్నది. మరొక ముఖ్య సంగతి, వలస కూలీల కొరకు ఉచిత టెలిఫోను సహాయ సౌకర్యం ప్రభుత్వం ఏర్పాటు చేయాలని ఈ చట్టంలోనే వ్రాశారు. అనగా ఫోను ద్వారా హక్కు అడగడం ఇప్పుడు చట్టమే చూపిన దారి.

చట్టాలు ఇన్ని ఉన్నా అవి పనిచోటికి చేరడం లేదు. 2011 జనగణనలో మహబూబ్‌నగర్ జిల్లా అక్షరాస్యత దాదాపు 55 శాతం. అప్పటి ఆంధ్రప్రదేశ్ జిల్లాలన్నింటిలోకి తక్కువ. ఇటువంటి చోట కరపత్రాలు పంచితే అవి పొయ్యిలోకే పోతాయి. అక్షరం కంటే గొంతు మేలు.

గొంతుతో చేసిన ఒక పెద్ద ప్రయత్నం ఛత్తీస్‌గఢ్‌లో ఉన్నది. 2010లో శుభ్రాంశు చౌదరి అనే పత్రికా రచయిత ‘సీజీనెట్ స్వర’ అనే ఏర్పాటు మొదలుపెట్టారు. దీనికి పెద్ద ఫోను అక్కరలేదు, మీటలు గల చిన్న ఫోను చాలు. ఒక నంబరుకు ఫోను చేసి కట్ చేస్తే అవతలి కంప్యూటరే తిరిగి ఫోను చేస్తుంది కనుక పేదవానికి ఖర్చు లేదు. ఒకటి నొక్కితే తన మాట చెప్పవచ్చు, రెండు నొక్కితే ఇతరులు చెప్పినది వినవచ్చు. వచ్చిన మాటలను విని, నిజానిజాలు విచారించిన పిమ్మటనే అందరికీ వినిపిస్తారు. కూలి డబ్బు రాలేదని, బోరింగు చెడిపోయిందని, రేషను అందలేదని జనం హిందీలోను, గోండీలోను చెప్పుకున్నారు. సంబంధిత అధికారి నంబరు కూడా చెబుతారు. విన్నవారు ఎక్కడెక్కడి నుండో ఆ అధికారికి ఫోను చేసి అడుగుతారు. వందమంది అడిగితే కాగితం కదులుతుంది. తన గోడు తన భాషలో చెప్పుకున్నవాడు, అది గోడు కాదు హక్కు అని ఆ చెప్పుకోవడంలోనే నేర్చుకున్నాడు. మన రాష్ట్రంలో జహీరాబాదు ప్రాంతపు మాచునూరులో 2008 అక్టోబరు 15న ఆరంభమైన సంఘం రేడియోను దళిత మహిళలే నడపడం కూడా ఇటువంటి సంగతే. అయితే రేడియో చుట్టుపక్కల ఊళ్లకే వినిపిస్తుంది. పూణేలో కంకర మోసేవానికి ఫోను ఒక్కటే అందుతుంది.

ఫోనుతో మేలే జరుగుతుందని అనుకోరాదు. 2018 మే నెలలో పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న వాట్సాప్ వదంతులు తెలంగాణమంతా ప్రాకినవి. ఎక్కడెక్కడివో దృశ్యాలు తెచ్చి ఇక్కడివేనని పంపారు. హైదరాబాదులో చాంద్రాయణగుట్ట వద్ద ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను జనం కొట్టి చంపారు. బిచ్చగాళ్లు, సంచార జాతులవారు, దారి తప్పిన మతిలేనివారు, అనగా ఎవరి అండా లేనివారే ఇట్టి అనుమానాలకు బలి అవుతారు. బ్రతికే హక్కు కంటే మొదటి హక్కు లేదు. దానినే ఫోను కాలరాచింది.

ఆ సమయంలో గద్వాల, వనపర్తి జిల్లాల పోలీసు సూపరింటెండెంటుగా ఉన్నవారు రెమా రాజేశ్వరి. ఈ రెండు జిల్లాలలో నాలుగువందలకు పైగా గ్రామాలు. ఊరికొక పోలీసును అప్పగించి, అతడు ఆ ఊరి వాట్సాప్ బృందాలలో చేరి, వచ్చిన వార్త నిజమా కాదా అని అక్కడికక్కడే చెప్పే ఏర్పాటు చేశారు. డప్పులతో, పాటలతో ఇంటింటికీ తెలిపారు. ఇతర చోట్ల ప్రాణాలు పోయినా ఈ రెండు జిల్లాలలో ఆ వదంతుల వలన ఒక్క ప్రాణం పోలేదు. ఇక్కడ గమనించవలసినది, ఫోనులోని మాటకు ఊరిలో ఒక తెలిసిన మనిషి తోడు కావడం. మొగం తెలిసిన మనిషి లేక ఫోను బోధన నిలువదని మా అభిప్రాయం.

మన సంఘాలు చేయగలిగినది ఇక్కడనే ఉన్నది. సాయంకాలం పాలు కొలిచేవరకు వరుసలో పది పదిహేను నిమిషాలు నిలబడక తప్పదు. మూడు నిమిషాలకు మించని మాట ఒకటి ఫోనులో వినిపించవచ్చు. అది పుస్తకపు తెలుగులో ఉండరాదు. ఉదాహరణకు ఇద్దరు ఆడవారి మాటలుగా ఇట్లా:

“అన్న పండుగకు వస్తుండా వదినా?”

“యాడొస్తడమ్మా! మేస్త్రీ రానిస్తలేడు. ఇచ్చిన పైసలు తీరినంకనే పొమ్మంటుండు.”

“పైసలిచ్చినంత మాత్రాన మనిషిని ఆపుకుంటరా? అది చట్టంల లేదు వదినా. కలెక్టరుకు చెప్పుకోవచ్చు. వకీలు కావాలంటే 15100కు ఫోన్ చెయ్యి, పైసలు అడగరు.”

ఈ 15100 జాతీయ న్యాయ సేవల సంస్థ నంబరు. 1987 నాటి చట్టం ప్రకారం మహిళలకు, షెడ్యూల్డు కులాలు, తెగలవారికి, వెట్టికి గురైనవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం లభిస్తుంది. కులం పేర అత్యాచారం జరిగితే 14566, పిల్లల విషయం, బాల్యవివాహం అయితే 1098, మహిళల ఆపదకు 181, ఏ ఆపదకైనా 112. ఫోనులో మోసపోయి పైకం పోగొట్టుకుంటే వెంటనే 1930కి చెప్పాలి. పాల బిల్లు బ్యాంకులో పడిన నాడే ఎవరో ఫోను చేసి ఓ.టి.పి. అడిగితే, అడిగినవాడు బ్యాంకువాడు కాడని గ్రహించాలి. మరొకటి, రేషను కార్డు పరాయి ఊరిలోనూ పనిచేస్తుంది. 2019 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ మధ్య మొదలైన ఈ సౌకర్యం తరువాత దేశమంతటికీ వచ్చింది. వలస పోయేవారికి ఇది చెప్పి పంపాలి.

పనిచోట మేస్త్రీ ఫోను తీసివేసుకోవచ్చు, మాట్లాడుతుంటే పక్కన నిలబడవచ్చు. కనుక పోకముందే పనిచోటి పేరు, కాంట్రాక్టరు పేరు, తీసుకున్న పైకం మొత్తం ఫోనులో మాటగా రికార్డు చేసి ఇంటివారికి పంపి ఉంచాలి. పని రోజులు కూడా వారానికి ఒకసారి ఇట్లే చెప్పి పంపితే అది కూలివాని సొంత పుస్తకం అవుతుంది. 2020 మార్చి 25న లాక్‌డౌన్ పెట్టినప్పుడు ఎక్కడివారక్కడ చిక్కుకొనిన కూలీల జాడ ఇంటివారికి తెలిసినది ఫోను వలననే.

ఇక ఆడవారి సంగతి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలోని గ్రామాలలో తాము స్వయంగా వాడుకునే ఫోను గల మహిళలు 46.6 శాతమే. ఫోను ఇంటిలో ఉన్నా అది మగవారి జేబులోనే. సంఘపు రిజిస్టరు తెరిచి చూస్తే, పాలు పోసేది భార్య అయినా నంబరు భర్తది అయి ఉంటుంది. అతడు వలస పోతే ఇక్కడి వెన్న శాతం సందేశం అక్కడ పూణేలో మోగుతుంది. పాలు పోసిన ఆమెకు లెక్క తెలియదు, సంఘం పంపే ఇతర సందేశాలూ అందవు. అటువంటి సభ్యులు వచ్చే బిల్లు రోజున కార్యదర్శిని అడిగి తమ సొంత నంబరు గాని, లేనిచో ఇంటి దగ్గర ఉండే కూతురిదో, కోడలిదో నంబరు గాని వ్రాయించుకోవాలి. కార్యదర్శులు ఇందుకు రుసుము ఏమీ తీసుకోరాదు.