నూలు బట్టకు రొయ్య పెంకు రక్ష

వానాకాలంలో దండెం మీది తువ్వాలు ముక్కవాసన ఎందుకు వేస్తుంది? నూలు అంటే సెల్యులోజ్. తేమను, చెమటను పీల్చుకుంటుంది. ఆ తడిలో బాక్టీరియా, బూజు పెరుగుతాయి. పీజీలో మేము చదివిన విరుగుడు ఒకటి తమ్ముళ్లకు చెబుతాం.

రొయ్య పెంకుల్లోని కైటిన్ నుంచి కైటోసాన్ తీస్తారు. దాని ధనావేశం బాక్టీరియా పైపొరను దెబ్బతీస్తుంది. ఊరికే పూస్తే ఉతుకుల్లో పోతుంది. అందుకే సిట్రిక్ ఆమ్లం కలిపిన ద్రావణంలో బట్టను ముంచి, రోలర్ల మధ్య పిండి, ఆరబెట్టి, సుమారు 160 డిగ్రీల సెల్సియస్ వేడిలో కొద్ది నిమిషాలు ఉంచుతారు. అప్పుడు ఆమ్లం ఒకవైపు నూలును, మరోవైపు కైటోసాన్‌ను పట్టుకుంటుంది. వేడి మితిమీరితే బట్ట పసుపెక్కుతుంది, బలం తగ్గుతుంది.

అయినా ఈ బట్ట తామరకు మందు కాదు. ఒకరి తామర గదంతా పాకే హాస్టల్లో ఎవరి తువ్వాలు వారిదే కావాలి. ఉతికి ఎండలో ఆరేయాలి.