ఎలుక బొక్క చెప్పే లెక్క

మన వైపు బొక్క అంటే ఎలుక కన్నమూ అవుతుంది, ఎముకా అవుతుంది. గట్టున ఉన్న బొక్కలను మీరు రోజూ చూస్తూనే ఉన్నారు. ఎలుక ఒంట్లో సంతానానికి సంబంధించిన బొక్కలు కూడా కొన్ని ఉన్నాయి. వాటి సంగతి తెలిస్తే మందు ఎప్పుడు పెట్టాలో తెలుస్తుంది.

మగ ఎలుక జననాంగంలో సన్నని ఎముక ఒకటుంటుంది. శాస్త్రజ్ఞులు దీన్ని బాక్యులం అంటారు. కుక్కకు ఇది ఉంది. మనిషికి, ఎద్దుకు లేదు. దీని ఆకారం ఒక్కొక్క జాతికి ఒక్కొక్క తీరు. పిల్ల ఎలుకలో సన్నగా ఉండి, వయసు ముదిరినకొద్దీ మొదలు వెడల్పై బరువెక్కుతుంది. కనుక జనగామ చెలకల్లో పట్టిన లేత ఎలుకలను, భూపాలపల్లి అడవి అంచున పట్టిన ముదురు ఎలుకలతో పోల్చి, ఇవి వేరు జాతులని చెప్పరాదు. ఈడుకు ఈడును పోల్చినప్పుడే ఆ పోలిక నిలుస్తుంది.

ఇక ఆడదాని సంగతి. బొరియలో దూరాలంటే నడుము సన్నగా ఉండాలి. పిల్లలను కనాలంటే కటి వెడల్పు కావాలి. ఈ రెండూ ఎట్లా పొసుగుతాయి? అమెరికాలో గోఫర్ అనే బొరియ జంతువును ఫ్రెడరిక్ హిసా 1920లలో పరిశీలించాడు. ఆడది ఈడుకు రాగానే అండాశయపు స్రావాల వల్ల కటి ముందరి ఎముక కరిగిపోయి దారి ఏర్పడుతుందని తేల్చాడు. 1926లో గినీపందిలో కటి కీలును సడలించే స్రావాన్ని చూపించాడు. దానికే తర్వాత రిలాక్సిన్ అని పేరు వచ్చింది. మన ఎలుకల్లో ఆ ఎముక గోఫర్‌లో వలె కరిగిపోదు గాని, ఆడదానిలో మగదానికన్నా సన్నగా, పొడుగ్గా ఉంటుంది. గుడ్లగూబ కక్కిన ఉండలో కటి ఎముక దొరికితే, అది ఆడదో మగదో చాలావరకు పోల్చుకోవచ్చు.

మరి మనకేమిటి లాభం? బొరియ మూతిలో మట్టి పోగుంటే అది సాధారణంగా చిన్న పందికొక్కు జాతి. దాని గర్భకాలం సుమారు మూడు వారాలే. వరి పొట్టకు వచ్చేనాటికి మేత పెరుగుతుంది, ఈతలూ పెరుగుతాయి. అందుచేత పొట్టదశకు ముందే, ఊరంతా ఒక్కరోజే కదలండి. సాయంత్రం బొరియలన్నీ మూయండి. తెల్లారి తెరిచి ఉన్నవాటిలోనే మందు పెట్టండి. 96 పాళ్ల నూకలకు 2 పాళ్ల నూనె, 2 పాళ్ల 0.25 శాతం బ్రోమాడయోలోన్ కలిపి, 15 గ్రాముల పొట్లాలు కట్టండి. చేతికి తొడుగు మరవకండి. పిల్లలను, కోళ్లను దూరంగా ఉంచండి. చచ్చిన ఎలుకలను లోతుగా పాతిపెట్టండి.

విస్తరణ కార్యకర్తలకు ఒక మాట. మహబూబాబాద్ మిరప చేలోనైనా, వరి మడిలోనైనా పట్టిన ప్రతి ఎలుకకూ ఊరు, పైరు, బరువు, ఆడా మగా, చూలుదా కాదా రాసిపెట్టండి. చూలు ఎలుకలు ఎక్కువైతే రైతుకు వెంటనే కబురందించండి. మూడు వారాలు జాగు చేస్తే అంతకంత ఎలుకలు మడిలో దిగుతాయి.