రేగడిదారుల లారీకి ఇంజను



పత్తికొండ ప్రాంతమున టమోటా కోఁతల కాలమున పలు యిండ్ల నొక చర్చ జరుగుచుండును. చేనినుండి మార్కెట్టుకు సరకు తోలుటకు లారీ కావలెనని కుమారుఁడనును. ఉన్నదాని యింజను విప్పించి బలము పెంచవలెనని మనుమఁడనును. డబ్బిచ్చువారును, పూచీ సంతకము చేయువారును మీరే. కావున మీరు వారి నేమి యడుగవలెనో మనవి చేసెదను.

మన సీమలో బండలాగుడు పందెములు చూడనివారు లేరు. పరుగున గెలుచు ఎద్దు వేఱు, బండను కదల్చు ఎద్దు వేఱు. ఇంజనులందు నిట్టి భేదమే కలదు. ఇరుసును త్రిప్పు బలమును టార్కు అందురు. అది యెంత వడిగాఁ బని చేయునో తెలుపునది హార్సుపవరు, లేక కిలోవాటు. నిమిషమునకు 4000 చుట్ల వద్ద 100 కిలోవాట్లిచ్చు యింజనుకు ఆ వేగమున టార్కు సుమారు 239 న్యూటన్‌మీటర్లు. 2000 చుట్ల వద్ద 75 కిలోవాట్లే యిచ్చుదానికి 358. అంకె చిన్నదైనను లాగుడు రెండవదానిదే యెక్కువ.

గేర్లతో మొదటిదాని లాగుడును పెంచరాదా యందురేమో. పెంచవచ్చును. కాని తడిసిన నల్లరేగడిలో బరువుతో మెల్లగాఁ గదలునపుడు ఇంజనును 4000 చుట్లకు నిలిపి పట్టుట కష్టము; క్లచ్చి జారి కాలిపోవును. కావున తక్కువ చుట్లలో లాగునదియే మన దారులకు మేలు.

ఈ గుణము డీజిలు ఇంజనున హెచ్చు. 1897లో జర్మనీయందు రుడాల్ఫ్ డీజెల్ జయప్రదముగా నడిపిన యీ యంత్రమున గాలిని గట్టిగా నొత్తఁగాఁ బుట్టిన వేడికే నూనె మండును. ఆ యొత్తిడి పెట్రోలు ఇంజనుకంటె చాల యెక్కువ గనుక ఇంధనమును తక్కువ పట్టును.

టర్బో యనునది పొగవేగముతో తిరిగి సిలిండరులోనికి అధికముగా గాలిని త్రోయును. 1905లో ఆల్ఫ్రెడ్ బూకి యను స్విట్జర్లాండు ఇంజనీరు దీనికి పేటెంటు పొందెను. దీనివలన లాగుడు పెరుగుట నిజమే, వేడియు పెరుగును. మే నెలలో 40 డిగ్రీలు దాఁటు మన యెండలో రేడియేటరు చాలకున్న హెడ్డు గాస్కెట్టు పోవును, పిస్టను పట్టివేయును. చేనిదారుల దుమ్ము వడపోఁత సందులనుండి లోనికి చొచ్చిన రింగులును సిలిండరును అరిగిపోవును.

కావున పాత యింజను విప్పినపుడు మొదట సిలిండరు అరుగుదల కొలిపింపుఁడు. ఆయిలు ఒత్తిడి చూడుఁడు. రేడియేటరు, గాలి వడపోఁత సరిచేయింపుఁడు. టర్బో మాట పిదప. ఇంజను మార్పించుటకు ముందు రవాణా అధికారుల యనుమతి గైకొనుఁడు. 1988 నాఁటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను అనుమతిలేని మార్పులను నిషేధించుచున్నది.

మీ రడుగవలసిన ప్రశ్నలు మూఁడు: లాగుడు ఎన్ని చుట్ల వద్ద వచ్చును? వేడి యెట్లు పోవును? దుమ్ము ఎట్లు ఆగును? వీనికి జవాబు చెప్పలేని మెకానిక్కు చేతికి అప్పు తెచ్చిన సొమ్ము పోయకుఁడు. చేనిలో పండిన కాయ దారిలోఁ గుళ్లిన, ఆ యప్పు తీర్పవలసినవాఁడు రైతే.

ఇఁక సెలవు.