కృష్ణబిలానికి నేల ఉందా?

కృష్ణబిలం మాట ఎత్తితే మా హాస్టల్లో అందరూ చెప్పేది ఒకటే: "కాంతిని కూడా మింగేస్తుంది." మరి మింగేదాన్ని ఎలా చూశార్రా అంటే జవాబు రాదు. దాన్ని ఎవరూ చూడలేదు. చూసిందల్లా అందులో పడబోయే పదార్థాన్నే.

హంస రాశిలోని సిగ్నస్ ఎక్స్-1 సంగతే తీసుకుందాం. 1964లో రాకెట్‌లో పంపిన పరికరాలు దీని ఎక్స్-కిరణాలను పట్టుకున్నాయి. ఇది సుమారు 7,200 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. అక్కడ ఒక పెద్ద నీలి నక్షత్రమూ, కంటికి కనిపించని దాని తోడూ 5.6 రోజులకొక చుట్టు తిరుగుతుంటాయి. 2021 నాటి కొలతల ప్రకారం ఆ తోడు ద్రవ్యరాశి సూర్యుడికి 21 రెట్లు.

నక్షత్రం నుంచి వీచే వాయువును ఈ తోడు లాక్కుంటుంది. అయితే అది తిన్నగా పడదు. తిరుగుడు ఉంది గనుక చుట్టూ పళ్ళెంలా పరుచుకుంటుంది. మా తాత రోజుల్లో కళ్ళంలో ఎడ్లను బంతి కట్టి తోలేవారట. గుంజ దగ్గరి ఎద్దు మెల్లగా నడిస్తే అంచున ఉన్నది ఉరకాలి. ఈ పళ్ళెంలో అంతా తలకిందులు: లోపలిది వడిగా, బయటిది నెమ్మదిగా తిరుగుతాయి. వరుసకూ వరుసకూ ఒరిపిడి తప్పదు. (ఆ ఒరిపిడి పని చేసేవి ముఖ్యంగా అయస్కాంత క్షేత్రాలని నేటి శాస్త్రజ్ఞుల అభిప్రాయం.) లోపలి పదార్థం తన కోణీయ ద్రవ్యవేగాన్ని బయటిదానికి అప్పగించి కిందికి జారుతుంది. జారేకొద్దీ లక్షల డిగ్రీలకు వేడెక్కి ఎక్స్-కిరణాలు చిమ్ముతుంది. హైడ్రోజన్ హీలియంగా మారితే ద్రవ్యరాశిలో 0.7 శాతమే శక్తి అవుతుంది. అదే తిరగని కృష్ణబిలం దగ్గర దాదాపు 6 శాతం, మహా వేగంగా తిరిగేదాని దగ్గర 42 శాతం దాకా!

సరే, జారి జారి ఎక్కడ ఆగుతుంది? న్యూట్రాన్ నక్షత్రానికైతే నేల ఉంది. పడ్డ హైడ్రోజన్, హీలియం అక్కడ పేరుకుంటాయి. తడిసిన గడ్డివాములో వేడి పెరిగినట్టు పెరిగి, కొన్ని గంటలకో రోజులకో ఒక్కసారిగా భగ్గుమంటాయి. కృష్ణబిలాలు అనుకుంటున్నవాటిలో ఆ మంట కనబడదు. నేలే ఉంటే మంట రావాలి కదా అని 2002లో రమేష్ నారాయణ్, జెరెమీ హేల్ వాదించారు. నాకు ఈ వాదన మహా నచ్చింది. రానిదాన్నే సాక్ష్యంగా పెట్టారు!

కాని కేసు పూర్తిగా తేలలేదు. మన సత్యేంద్రనాథ్ బోస్ పేరు మోసే కణాలు కూడితే "బోసాన్ నక్షత్రం" కావచ్చని కొందరి ఊహ. దానికి నేలా లేదు, తిరిగిరాని అంచూ లేదు. పడినది లోపలే పోగవుతుంది. అయితే అలా లోపల పోగైన వాయువు కూడా భగ్గుమనాలి గనుక, మంట రాలేదన్న సాక్ష్యం దానిమీద కూడా కొంతవరకు చెల్లుతుంది. 2019 ఏప్రిల్ 10న విడుదలైన ఎం-87 చిత్రంలోని నల్లని నడిమి భాగం లాంటిది బోసాన్ నక్షత్రం వల్ల కూడా రావచ్చని కొన్ని లెక్కలున్నాయి. నా మట్టుకు నాకు కృష్ణబిలమే సబబుగా తోస్తుంది. అయినా పాఠ్యపుస్తకాలు ఈ అనుమానానికి ఒక పేరా అయినా ఇవ్వకపోవడం అన్యాయం.

2024 జనవరి 1న మన శ్రీహరికోట నుంచి ఎక్స్‌పోశాట్ వెళ్ళింది. ఎక్స్-కిరణాల ధ్రువణాన్ని కొలిచి, అంచు దగ్గరి వేడి వాయువు ఎలా అమరి ఉందో కనిపెట్టడానికే దాన్ని పంపారు.