బండి ఎందుకు వణుకుతోంది?

"అన్నా, బండి బాగా కొట్టుకుంటోంది." పాల్వంచలోనైనా, భద్రాచలంలోనైనా, చర్ల రోడ్డు పక్కన రేకుల షెడ్డులోనైనా ఈ మాట వినగానే పనితెలిసిన మెకానిక్కు పానా అందుకోడు. ముందు ఒక ప్రశ్న వేస్తాడు: "ఏ స్పీడులో?" దానికి "ఎప్పుడూ కొట్టుకుంటది" అనే జవాబు వస్తే పని పెరిగినట్టే. "యాభై దాటాక మొదలై, అరవై ఐదు దగ్గర తగ్గుతది" అంటే మాత్రం సగం రోగం తెలిసినట్టే.

ఎందుకో తెలియాలంటే చిన్న లెక్క వేసుకోవాలి. మన పల్లెల్లో ఎక్కువగా కనిపించే నూరు సీసీ స్ప్లెండర్‌నే తీసుకుందాం. దాని పద్దెనిమిది అంగుళాల చక్రం, టైరుతో కలిపి, ఒక చుట్టు తిరిగితే బండి రెండు మీటర్లకు కాస్త తక్కువ దూరం ముందుకు పోతుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో ఆ చక్రం సెకనుకు సుమారు 9 సార్లు తిరుగుతుంది. అదే సమయంలో, టాప్ గేరులో, ఇంజిన్‌లోని క్రాంక్ దానికి పది పదకొండు రెట్లు, అంటే సెకనుకు వంద సార్ల దాకా తిరుగుతుంది. సెకనుకు తొమ్మిది కుదుపులను ఒళ్లు ఊపుగా పసిగడుతుంది. వంద కుదుపులైతే అరచేతుల్లో జిలగా, కాళ్ల కింద జుమ్ముమనే తిమ్మిరిగా తెలుస్తాయి. నడుము, సీటు ఊగుతుంటే చక్రాన్నీ, వేళ్లు మొద్దుబారుతుంటే ఇంజిన్‌నూ ముందు అనుమానించాలి.

ఆ అనుమానాన్ని తేల్చుకోవడానికి పరికరాలేవీ అక్కర్లేదు, ఖాళీ రోడ్డు కొంత ఉంటే చాలు. వణుకు వచ్చే వేగానికి బండిని తెచ్చి, క్లచ్ పట్టి, యాక్సిలరేటర్ పూర్తిగా వదిలేయాలి. ఇంజిన్ నెమ్మదిస్తుంది, బండి మాత్రం అదే ఊపులో పోతుంటుంది. వణుకు ఆగిపోతే కారణం ఇంజిన్ వైపు ఉంది. కొనసాగితే చక్రాల వైపు ఉంది. ఇంకో పరీక్ష, అదే వేగంలో నాలుగో గేరు నుంచి మూడో గేరుకు దించడం. బండి వేగం మారలేదు, ఇంజిన్ వేగం పెరిగింది. వణుకు తీరు మారిందంటే అది ఇంజిన్‌తో నడిచే వణుకే. ఇక బండి ఆపి, న్యూట్రల్‌లో ఉంచి రేజ్ చేసినా అదే జిల వస్తే చక్రాలను వదిలేయొచ్చు.

ఎక్స్‌ఎల్ మోపెడ్ వాళ్లకు ఈ పరీక్షలు కుదరవు. దానికి క్లచ్ లివరూ లేదు, మార్చడానికి గేర్లూ లేవు. దాన్ని మెయిన్ స్టాండు మీద నిలబెట్టి రేజ్ చేస్తే వెనక చక్రం గాలిలో తిరుగుతుంది. అప్పుడు వణుకు కనిపించకపోతే ముందు చక్రం వైపు వెళ్లొచ్చు.

ఈ ప్రాంతంలో చక్రాల వణుకుకు మొదటి కారణం, చాలామంది నమ్మకపోవచ్చు గానీ, పంక్చరు. అడవి దారిలో ముల్లు గుచ్చుకుంటుంది, దొరికినచోట ప్యాచ్ వేయిస్తారు, టైరును తొందరగా రిమ్ములోకి ఎక్కిస్తారు. గాలి కొట్టాక టైరు అంచు చుట్టూతా ఒకేలా కూర్చోవాలి. ఒకచోట లోపలికి దిగబడి, మరోచోట పైకి ఉంటే ఆ టైరు గుండ్రంగా తిరగదు. కనిపెట్టడం తేలిక. టైరు పక్క గోడ మీద, రిమ్ము అంచు పొడుగునా సన్నటి గీత ఒకటి ఉంటుంది. రిమ్ము నుంచి ఆ గీత దూరం చుట్టూ సమానంగా ఉందేమో చూస్తే చాలు. లేకపోతే గాలి తీసి, అంచుకు సబ్బు నీళ్లు రాసి, మళ్లీ కొట్టించాలి.

వెనక చక్రానికి పంక్చరైతే తిప్పలు రెండు. చక్రం విప్పి బిగించేటప్పుడు ఇరుసుకు రెండు పక్కలా ఉన్న చైన్ అడ్జస్టర్ల గీతలు సరిపోవాలి. ఒక పక్క ఒక గీత ఎక్కువైనా చక్రం వంకరగా కూర్చుంటుంది, చైను పక్కకు లాగుతుంది. "పంక్చరేయించినప్పటి నుంచీ ఇట్లనే ఉంది" అనే బండికి ఇంజిన్ విప్పిన సందర్భాలు షెడ్లలో తక్కువేమీ కాదు. అది మెకానిక్కు చేతకానితనం అనలేం. అడగాల్సిన మాట అడగకపోవడం, చెప్పాల్సిన మాట చెప్పకపోవడం, రెండూ కలిసి చేసిన పని.

తర్వాతిది మట్టి. పత్తి చేల మధ్య నల్లరేగడి బురదలో నడిచిన చక్రానికి రిమ్ము లోపలి వైపు మట్టి పెళ్లలు అంటుకుని ఎండిపోతాయి. ఒకే పక్క పావు కిలో మట్టి అంటుకున్నా, సెకనుకు తొమ్మిది సార్లు తిరిగే చక్రం దాన్ని ఊరుకోనివ్వదు. కడిగితే పోయే జబ్బు ఇది. బరువు సంగతి వేరు. 45 కిలోల యూరియా బస్తాలు రెండు వెనక కట్టి, గుంతల్లో పడేస్తూ పోతే స్పోకులు వదులవుతాయి. బండిని స్టాండు వేసి, చిన్న పానాతో ఒక్కో స్పోకును మీటితే బిగువుగా ఉన్నది టింగుమంటుంది, వదులైనది డొక్కుగా పలుకుతుంది. వదులైనదాన్ని మాత్రం ఎవరికి వాళ్లు బిగించుకోకూడదు. ఒక్కటి బిగిస్తే రిమ్ము మొత్తం ఒక పక్కకు లాగుతుంది. చక్రం బెండు తీయడం పని తెలిసిన చేతికి వదిలేయాలి.

భద్రాచలం వాళ్లకు మాత్రం ఇంకో కారణాన్ని గోదావరి తెచ్చిపెడుతుంది. 2022 జులైలో అక్కడ నది 71.3 అడుగులకు చేరింది. మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చేది 53 అడుగుల దగ్గర. 1986లో వచ్చిన 75.6 అడుగుల తర్వాత అంత వరద అదే. వరద నీళ్లలో మునిగిన బండికి ఇంజిన్ ఆయిల్ మార్పిస్తారు, ప్లగ్గు తుడుస్తారు, స్టార్టయితే సంతోషిస్తారు. చక్రాల హబ్బుల్లోని బేరింగుల సంగతి ఎవరికీ గుర్తుండదు. ఒండ్రు కలిసిన నీరు గ్రీజును కడిగేస్తుంది, లోపలి గుండ్లకు తుప్పు పడుతుంది, కొన్ని నెలలకు చక్రం గరగరమంటూ ఊగడం మొదలవుతుంది. స్టాండు వేసి చక్రాన్ని పైనా కిందా పట్టుకుని పక్కలకు కదిలిస్తే ఆట తెలుస్తుంది. ఏమాత్రం కదిలినా బేరింగులు మార్చాల్సిందే.

హ్యాండిల్ ఒక్కటే ఎడమకూ కుడికీ కొట్టుకుంటుంటే కోన్ సెట్‌ను, అంటే హ్యాండిల్ తిరిగే బేరింగులను చూడాలి. ముందు చక్రం గాలిలో ఉండేలా చేసి, ఫోర్కుల అడుగు భాగాన్ని పట్టి ముందుకూ వెనక్కూ ఊపితే టక్కుమనకూడదు. హ్యాండిల్‌ను మెల్లగా తిప్పితే మధ్యలో ఎక్కడా గాడిలో పడినట్టు ఆగకూడదు. మిగతా వణుకులతో కొన్నాళ్లు నెట్టుకురావచ్చేమో గానీ, దీన్ని తెల్లారేదాకా కూడా వాయిదా వేయకూడదు. కొట్టుకుంటోందో లేదో చూడ్డానికి నడుస్తున్న బండి మీద చేతులు వదిలే సాహసం అసలే వద్దు.

ఇప్పుడు ఇంజిన్. ఒక్క సిలిండరు ఉన్న ఇంజిన్‌కు వణుకు పుట్టుకతోనే ఉంటుంది. పిస్టన్ పైకి పోయి ఆగి, కిందికి వచ్చి ఆగి, మళ్లీ పైకి పోవాలి. సెకనుకు వంద చుట్లు అంటే రెండు వందల సార్లు ఆగి దిశ మార్చుకోవడం. ఆ తోపుడుకు ఎదురుగా క్రాంక్‌కు బరువు పెడతారు. కానీ తిరిగే బరువు, నిలువుగా ఊగే పిస్టన్‌ను పూర్తిగా సర్దలేదు. నిలువు వణుకు కొంత తగ్గి, అడ్డం వణుకు కొంత పుడుతుంది. పాత బుల్లెట్ 350లో పిస్టన్ నడక 90 మిల్లీమీటర్లు, స్ప్లెండర్‌లో 49.5. బుల్లెట్ మీద అద్దంలో వెనక బండి రెండుగా కనిపించేది ఇందుకే. 2020లో మీటియర్‌తో మొదలైన కొత్త 350 ఇంజిన్లలో ఎన్‌ఫీల్డ్ కంపెనీ క్రాంక్‌కు ఎదురు దిశలో తిరిగే బ్యాలెన్సర్ షాఫ్ట్ పెట్టింది. ఆ జిల చాలావరకు పోయింది. అది పోయినందుకే అలిగిన పాత అభిమానులూ ఉన్నారు.

కాబట్టి ఇంజిన్ కొంత వణుకుతుంది. చూడాల్సింది కొత్తగా వచ్చిన వణుకును. మొదట చూడాల్సినవి ఇంజిన్‌ను ఫ్రేముకు పట్టి ఉంచే మౌంటింగ్ బోల్టులు. ఒక్కటి వదులైనా బండంతా జిలజిలలాడుతుంది. బోల్టు చుట్టూ ఎర్రటి తుప్పు పొడి కనిపిస్తే అక్కడ ఇనుము ఇనుమును రాసుకుంటున్నట్టు. ఫ్రేములో పగులు ఉందేమో అక్కడే చూడాలి. తర్వాత సైలెన్సర్ క్లాంపు, లెగ్ గార్డు, నంబరు ప్లేటు. ప్రతి ఇనుప ముక్కకూ తనదైన ఊపు లెక్క ఒకటి ఉంటుంది. ఇంజిన్ వేగం ఆ లెక్కకు సరిపోయినప్పుడు అది గట్టిగా మోగుతుంది, పాఠ్యపుస్తకాల్లో చదివిన అనునాదం ఇదే. ఒక్క వేగంలోనే వచ్చి, దాటగానే పోయే మోతకు కారణం చాలాసార్లు ఇలాంటి వదులు ముక్కే. చేత్తో గట్టిగా నొక్కి పట్టి రేజ్ చేసి చూస్తే దొంగ దొరుకుతుంది. వేడెక్కిన సైలెన్సర్‌ను మాత్రం గుడ్డ చుట్టిన కర్రతో నొక్కాలి.

వణికే హ్యాండిల్‌కు ఫోన్ బిగించుకునేవాళ్లకు ఒక మాట. మోటారు సైకిళ్ల బలమైన వణుకు ఐఫోన్ కెమెరాలోని స్థిరీకరణ వ్యవస్థను దెబ్బతీయవచ్చని ఆపిల్ సంస్థే 2021 సెప్టెంబరులో హెచ్చరించింది.

చైను ఇంజిన్‌కూ చక్రానికీ మధ్య ఉంటుంది కాబట్టి రెండు వైపులా అనుమానం రేపుతుంది. చక్రాన్ని మెల్లగా తిప్పుతూ చైను మధ్య భాగాన్ని వేలితో ఎత్తి చూడాలి. నూరు సీసీ బండ్లలో అది రెండు మూడు సెంటీమీటర్లు ఆడాలి. ఒకచోట బిగిసి, ఇంకోచోట వేలాడుతుంటే చైను అసమానంగా సాగిపోయింది. స్ప్రాకెట్లతో కలిపి సెట్టు మొత్తం మార్చాలి. యాక్సిలరేటర్ ఇచ్చిన ప్రతిసారీ దడుక్కుమంటుంటే మాత్రం చైను జోలికి పోకముందు వెనక హబ్బులోని రబ్బర్లు చూడాలి. అవి అరిగిపోతే కొత్త చైన్ సెట్టు వేసినా దడ పోదు.

ఇంజిన్ విప్పే వంతు వీటన్నిటి తర్వాతే. వణుకుతో పాటు లోపల నుంచి లోతైన టకటక వినిపిస్తూ, ఎత్తు ఎక్కేటప్పుడు, బరువు లాగేటప్పుడు అది పెరుగుతుంటే కనెక్టింగ్ రాడ్ బేరింగు అరిగినట్టు. అప్పుడు క్రాంక్ బయటికి రావాల్సిందే. ఈ స్థితికి చేరిన బండ్లలో చాలావాటికి ఆయిల్ చాలక ఆ గతి పట్టి ఉంటుంది. స్ప్లెండర్‌లో పట్టేది లీటరు కంటే తక్కువ. అందులో పావు లీటరు కాలిపోయినా మిగిలేది ఎంత? దాన్ని కొలిచే పుల్లను తుడిచి, మర బిగించకుండా ఊరికే లోపల ఆనించి తీసి చూడాలి. బిగించి చూస్తే పుల్ల ఇంకా లోపలికి దిగి, లేని ఆయిల్‌ను ఉన్నట్టు చూపిస్తుంది.