చాకొలేటుకు బదులు కారబ్ కాయ

నాగార్జున సాగరం ఎడమ కాలువ క్రింద మిర్యాలగూడ, కోదాడ ప్రాంతాలలో వరి పండుతున్నది. ఆ కాలువ నీరు అందని మెరక భూములలోను, చెరువు గట్లమీదను, రోడ్ల ప్రక్కను ఎవరూ విత్తకుండానే పెరిగేది సర్కారు తుమ్మ. దీనినే కంపచెట్టు అని కూడ అంటారు. వేసవిలో పచ్చిక ఎండిపోయినపుడు దీని పసుపుపచ్చని కాయలను మేకలు ఇష్టంగా తింటాయి. కాయ గుజ్జు తియ్యగా ఉండడమే ఇందుకు కారణం. ఇటువంటి తీపి కాయనే వేయించి, పొడిచేసి, చాకొలేటుకు బదులుగా వాడే దేశాలున్నవి. ఆ కాయ పేరు కారబ్. అది చాకొలేటుకు ఎంతవరకు బదులు కాగలదు? మన కంపచెట్టు కాయ ఆ పనికి వస్తుందా? ఈ రెండు ప్రశ్నలను పరిశీలిద్దాము.

కారబ్ చెట్టు

కారబ్ మధ్యధరా సముద్ర తీరపు చెట్టు. దీని శాస్త్రీయ నామం సెరటోనియా సిలిక్వా. చింత, కంది, తుమ్మలవలె ఇదికూడ చిక్కుడు కుటుంబానికి చెందినది. రాతి నేలలోను, తక్కువ వర్షంతోను బ్రతుకుతుంది. కాయ జానెడు పొడవుండి, పండినపుడు ముదురు గోధుమ రంగుకు మారుతుంది. గింజలు చాల గట్టివి. పూర్వం వీటిని రత్నాలు తూచడానికి వాడేవారు. గ్రీకు భాషలో ఈ గింజ పేరునుండే “కారట్” అనే మాట వచ్చినది. నేడు కారట్ అంటే 200 మిల్లీగ్రాములు. గింజలన్నీ ఒకే బరువుంటాయని అప్పటివారు నమ్మారు గాని, తూచి చూస్తే వాటి బరువులలోను తేడాలు కనిపించినవి.

గింజలు తీసివేసిన గుజ్జును ఎండబెట్టి, వేయించి, పొడిచేస్తారు. వేగేటపుడు అందులోని చక్కెరలు అమైనో ఆమ్లాలతో కలిసి గోధుమ రంగును, కమ్మని వాసనను ఇస్తాయి. 1912లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు మైలార్డ్ వర్ణించిన చర్య ఇదే. వేరుసెనగలు వేగినపుడు, రొట్టె కాలినపుడు జరిగేది కూడ ఇదే. కోకో గింజలను వేయించినపుడు సైతం ఈ చర్య జరుగుతుంది. కనుకనే రెండు పొడులకు రంగులోను, వాసనలోను పోలిక ఉన్నది.

పోలిక ఎంతవరకు?

ఆ పోలిక అంతటితో ఆగిపోతుంది. ఎండిన కోకో గింజలో నూటికి సుమారు 50 పాళ్ళు క్రొవ్వు. ఈ క్రొవ్వు 34 డిగ్రీల సెంటిగ్రేడు దగ్గర కరుగుతుంది. మన శరీర ఉష్ణోగ్రత 37 డిగ్రీలు. అందుచేత చాకొలేటు చేతిలో గట్టిగా ఉండి, నోటిలో కరిగిపోతుంది. కారబ్ గుజ్జులో క్రొవ్వు నూటికి ఒక పాలు కూడ ఉండదు. చక్కెరలు మాత్రం 40 నుండి 50 పాళ్ళు, ఒక్కొక్కపుడు అంతకు మించి ఉంటాయి. కారబ్ బిళ్ళలు చేయాలంటే వేరే నూనెను కలుపవలసినదే.

రెండవ తేడా థియోబ్రోమిన్. ఇది కాఫీలోని కెఫీన్‌కు దగ్గరి పదార్థం. కోకో చేదుకు ఒక కారణం. కుక్కలకు ఇది విషం. కారబ్‌లో ఇది లేదు. కెఫీన్ పడనివారికి కారబ్ ఉపయోగపడేది ఇందువల్లనే. కాని కారబ్ బిళ్ళలో క్రొవ్వు, పంచదార కలిపిన తరువాత అది చాకొలేటుకంటె తేలికైన ఆహారమని చెప్పడానికి వీలులేదు.

కోకోకు కావలసినవి తేమ, నీడ. అందుచేత అది ఆంధ్రప్రదేశ్‌లో ఏలూరు, పశ్చిమ గోదావరి జిల్లాల కొబ్బరి, ఆయిల్‌పామ్ తోటలలో అంతరపంటగా పెరుగుతున్నది. ప్రపంచపు కోకోలో సగానికిపైగా ఐవరీ కోస్ట్, ఘనా దేశాలనుండి వస్తుంది. అక్కడ పంట దెబ్బతిన్నందున 2024 మార్చిలో టన్ను ధర 10,000 డాలర్లు దాటినది. అటువంటి సమయాలలో బదులు పదార్థాలమీదకు చూపు మళ్ళడం సహజం.

కంపచెట్టు మాటేమిటి?

సర్కారు తుమ్మ శాస్త్రీయ నామం ప్రొసోపిస్ జూలిఫ్లోరా. దీని పుట్టిల్లు అమెరికా ఖండం. జమైకానుండి తెప్పించిన విత్తనాలను 1877లో కడప జిల్లా కమలాపురంలో నాటారు. వంటచెరకు కొరత తీర్చడం ఉద్దేశం. దసరానాడు మనం పూజించే జమ్మి దీనికి జ్ఞాతియే. దక్షిణ అమెరికాకు వెళ్ళిన స్పెయిన్‌వారు ఈ జాతి కాయలను చూచి, తమ దేశపు కారబ్ పేరునే, అంటే “అల్గరోబో” అనే పేరునే, వీటికి పెట్టారు. పెరూలో దీని సోదర జాతి కాయలనుండి నేటికీ తీపి పానకం కాస్తారు.

అయితే తీపి ఉన్నంత మాత్రాన తినదగినదని తీర్మానించరాదు. సర్కారు తుమ్మ కాయలలో కొన్ని ఆల్కలాయిడ్లు ఉన్నవి. చాలకాలం ఈ కాయలే మేతగా తిన్న పశువులకు నరాలు దెబ్బతిని, దవడలు సరిగా ఆడక మేయలేని స్థితి వస్తుంది. దాణాలో కొంత భాగంగా కలిపితే మాత్రం ఇవి మంచి మేతయే. కాయలను గింజలతోసహా నలిపి పెట్టడంలో మరొక లాభమున్నది. మేక మ్రింగిన గింజ జీర్ణంకాక, పేడతో బయటపడి, క్రొత్తచోట మొలుస్తుంది. నలిగిన గింజ మొలవదు. కంప పొలాలలోకి వ్యాపించకుండా ఇది కొంత అడ్డుపడుతుంది.

పాఠశాలలో ఒక పరీక్ష

ఎండిన కాయ పొడిని నీటిలో నానబెట్టి వడగట్టండి. ఒక భాగానికి బెనెడిక్ట్ ద్రావణం చేర్చి వేడిచేయండి. రెండవ భాగాన్ని కొద్ది సజల హైడ్రోక్లోరికామ్లంతో మరిగించి, సోడాతో తటస్థంచేసి, తరువాత అదే పరీక్ష చేయండి. రెండవదానిలో ఇటుక రంగు ఎక్కువగా వస్తుంది. కాయలోని చక్కెర ప్రధానంగా సుక్రోజు అనడానికి ఇది గుర్తు. చాకొలేటును, కాయ పొడిని వేరువేరు కాగితాలమీద రుద్ది చూడండి. నూనె మరక చాకొలేటుదే. పరీక్షకు తెచ్చిన కాయలను విద్యార్థులు రుచి చూడరాదు.

బదులు పదార్థమంటే అన్ని గుణాలలో సమానమైనది కాదు. కారబ్ చాకొలేటు రంగును, తీపిని, కొంత వాసనను ఇవ్వగలదు. ఆ క్రొవ్వును, ఆ చేదును ఇవ్వలేదు. సర్కారు తుమ్మ కాయ కారబ్‌వలె తియ్యనిదే గాని, ఆల్కలాయిడ్ల సంగతి తేలి, ఆహారంగా పరీక్షకు నిలిచేవరకు దానిని పశువుల దాణాకు, అందునా మితంగా, వాడుకొనడమే మంచిది.