నీటి అడుగున ఊపిరి

బావిలో మునిగేవాళ్ళు ఊపిరి బిగబడతారు. సముద్రంలో దిగే స్కూబా ఈతగాళ్ళు మాత్రం ఊపిరి బిగబట్టకూడదు. ఎందుకని?

స్కూబా ఈతగాళ్ళు వీపుకు గాలి సిలిండరు కట్టుకుంటారు. నీళ్ళలో ఆ గాలే పీలుస్తారు. లోతుకు పోయేకొద్దీ ఒత్తిడి పెరుగుతుంది. 10 మీటర్ల లోతులో అది పైన ఉన్నదానికి రెండింతలు. అక్కడ పీల్చిన గాలి పైకి వచ్చేసరికి రెండింతలు ఉబ్బుతుంది. ఊపిరి వదలకపోతే ఊపిరితిత్తులు చిట్లిపోవచ్చు. ప్రాణమే పోవచ్చు.

భయపడ్డ మనిషి ఏం చేస్తాడు? ఊపిరి బిగబట్టి గబగబా పైకి వస్తాడు. అందుకే శిక్షణలో ఇలా నేర్పుతారు: ముందు ఆగు. ఊపిరి తీసుకో. ఆలోచించు. తర్వాతే కదులు.

ఒంటరిగా దిగనివ్వరు. ఇద్దరిద్దరు జంటగా దిగాలి. దిగేముందు ఒకరి సామాను ఒకరు చూడాలి. గాలి ఎంత ఉందో మీటరులో చూసుకుంటూ ఉండాలి. గాలి అయిపోతే, గొంతుకు అడ్డంగా చెయ్యి ఆడించాలి. అది గుర్తు. వెంటనే జంట మనిషి తన దగ్గరున్న రెండో నోటిగొట్టం అందిస్తాడు. ఇద్దరూ పట్టుకుని, ఊపిరి తీస్తూ, వదులుతూ, నెమ్మదిగా పైకి వస్తారు.

ఇదంతా ముందు ఈతకొలనులో పదేపదే చేయిస్తారు. అలవాటైన పనే ఆపదలో ఆదుకుంటుంది.